చరిత్ర పఠన వేదిక వార్షిక నివేదిక: పేరెవరిది, పెత్తనమెవరిది

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన కాలనీ సంక్షేమ సంఘం కింద నడుస్తున్న చరిత్ర పఠన వేదిక ఈ ఏడాది ఏం చేసిందో కార్యదర్శిగా మీ ముందు పెడుతున్నాను. జమాఖర్చుల పట్టీ విడిగా జతచేశాం కాబట్టి ఇక్కడ ఆ జోలికి పోవడం లేదు. కిందటి సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టే ఏడాదంతా ఒకే అంశం పట్టుకున్నాం. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో తుర్కీలో ఒట్టోమన్, ఇరాన్‌లో సఫావీ, మన దేశంలో మొఘల్ పాలకులు అంతంత రాజ్యాలు ఎలా సంపాదించారు, సంపాదించాక తమదే న్యాయమైన గద్దె అని జనం చేత ఎలా ఒప్పించుకున్నారు అన్నది ఆ అంశం.

మొదటి ప్రశ్న తొందరగానే తేలిపోయింది. 1514లో చాల్డిరాన్ దగ్గర ఒట్టోమన్ ఫిరంగుల ముందు సఫావీ రాజు షా ఇస్మాయిల్ అశ్వదళం నిలవలేకపోయింది. 1526లో పానిపట్టు దగ్గర బాబర్ అదే ఒట్టోమన్ పద్ధతిలో బళ్లను పచ్చితోలు తాళ్లతో వరసగా కట్టించి, వాటి చాటున తుపాకులు పెట్టి ఇబ్రహీం లోడీని ఓడించాడు. మందుగుండు గురించి ఒక్క సమావేశంతో సరిపెట్టాం. అసలు చర్చంతా రెండో ప్రశ్న మీదే నడిచింది.

దానికి మనకు దగ్గరి ఉదాహరణ గోల్కొండ. కుతుబ్‌షాహీలు షియాలు. శుక్రవారం ప్రార్థనలో చదివే ఖుత్బా అనే ప్రసంగంలో షియాలు గురువులుగా కొలిచే పన్నెండుమంది ఇమాముల పేర్లతో పాటు ఇరాన్ షా పేరు కూడా వినిపించేది. 1636లో షాజహాన్ దక్కన్‌లో సైన్యంతో ఒత్తిడి పెంచేసరికి అబ్దుల్లా కుతుబ్‌షా ఒప్పందానికి దిగాడు. షరతులు చూడండి. ఖుత్బాలో ఇమాముల పేర్లు తీసేసి సున్నీలు గౌరవించే మొదటి నలుగురు ఖలీఫాల పేర్లు చదవాలి. ఇరాన్ షా పేరు బదులు మొఘల్ చక్రవర్తి పేరు రావాలి. నాణేలు షాజహాన్ పేరిట ముద్రించాలి. ఏటా కప్పం కట్టాలి. కోటా, గద్దే మాత్రం అబ్దుల్లావే. "పేరు చదివితే పోయేదేముంది, వజ్రాల గనులు చేతిలోనే ఉన్నాయిగా" అని ఒక సభ్యుడు అన్నారు. పేపర్లూ టీవీలూ లేని కాలంలో ఊళ్లో ఎవరి పాలన నడుస్తోందో జనానికి తెలిసేది ఆ ఖుత్బాతోనూ, చేతిలోని నాణెంతోనూ అని మిగతావాళ్లు గుర్తుచేశారు. ఆ రెండూ వదులుకున్న సుల్తాను సామంతుడైనట్టే లెక్క. 1687లో ఔరంగజేబు దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించి కోటను కూడా లాక్కున్నాడు.

మిగతాచోట్ల కూడా తీరు ఇదే. 1453లో కాన్‌స్టాంటినోపుల్ పట్టుకున్న ఒట్టోమన్ సుల్తాను రెండో మెహ్‌మెద్ తాను రోముకు కూడా సీజరేనన్నాడు, అంటే చక్రవర్తినేనని. 1517లో ఈజిప్టు గెలిచిన ఒట్టోమన్ సుల్తాను సెలీం మక్కా, మదీనాల సేవకుడన్న బిరుదు పెట్టుకున్నాడు. ఇస్మాయిల్ 1501లో తబ్రీజ్‌లో గద్దెనెక్కి, సున్నీలే ఎక్కువగా ఉన్న దేశానికి షియా మతాన్ని రాజమతం చేశాడు. అది నేర్పడానికి లెబనాన్ వైపు నుంచి పండితులను పిలిపించుకోవాల్సి వచ్చింది. ఆ వంశంవాడే షా అబ్బాస్ 1601లో ఇస్ఫహాన్ నుంచి మష్‌హద్ దర్గాకు కాలినడకన వెళ్లాడు. భక్తి ఎంతో, ప్రదర్శన ఎంతో మనకనవసరం. దేశమంతా చూసిందన్నదే ముఖ్యం.

అక్బర్ మీద రెండు సమావేశాలు పట్టాయి. ఉదయాన్నే ఝరోకాలో, అంటే కోట గవాక్షంలో, జనానికి కనిపించడం, చక్రవర్తి ముఖం చూడనిదే ముద్ద ముట్టని దర్శనీయులు, 1564లో ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను రద్దు, ఇవన్నీ చాలామందికి తెలిసినవే. నన్నడిగితే వీటన్నిటికన్నా అక్బర్ రెవెన్యూ మంత్రి తోడర్‌మల్ లెక్కలే గట్టివి. తడిస్తే కుంచించుకుపోయే జనపతాడు మానేసి, ఇనుప కడియాలతో కలిపిన వెదురు గడలతో పొలం కొలిపించారు. పదేళ్ల దిగుబడులు, ధరల సగటు కట్టి, పంటలో మూడోవంతును రొక్కంగా మార్చి 1580 నాటికి శిస్తు స్థిరపరిచారు. కొలత సరిగ్గా ఉంటే రైతుకు తానెంత కట్టాలో ముందే తెలుస్తుంది. రెవెన్యూ శాఖలో రిటైరైన మన సభ్యులు ఆ రోజు మైకు వదిలితే ఒట్టు! జీతానికి బదులు ఊళ్ల శిస్తు అనుభవించే జాగీర్దార్లను కొన్నేళ్లకోసారి మార్చే పద్ధతి చెప్పగానే, తమ బదిలీల టెన్షన్ అంతా వెళ్లబోసుకున్నారు. కారణం మాత్రం అప్పుడూ ఒకటే. ఒకేచోట పాతుకుపోయినవాడు రాజుమాట వినడు.

రాజుమాట వినేవాళ్లను ఎలా తయారుచేసుకోవాలన్న దగ్గరే మాలో మాకు భేదాభిప్రాయం వచ్చింది. ఒట్టోమన్లు బాల్కన్ క్రైస్తవ కుటుంబాల పిల్లలను బలవంతంగా తెచ్చి, మతం మార్చి జానిసరీలనే సుల్తాను సొంత సైనికులుగా తయారుచేశారు. అలా తెచ్చిన పిల్లల్లో సొకొల్లు మెహ్‌మెద్ లాంటివాళ్లు ప్రధానమంత్రులయ్యారు. "ప్రతిభకు పట్టం" అని కొందరన్నారు. కన్నవాళ్ల నుంచి పిల్లలను లాక్కున్నాక ఏ పదవి ఇస్తే మాత్రం సరిపోతుందని మరికొందరు. నేను రెండోవారి పక్షమే. పైగా ఆ జానిసరీలే 1622లో రెండో ఉస్మాన్ సుల్తానును గద్దె దింపి చంపారు.

చలికాలంలో గోల్కొండ నడక పెట్టాం. పేట్ల బురుజు మీద ఔరంగజేబు పేరు చెక్కిన ఫతే రహ్‌బర్ ఫిరంగి దగ్గర అందరం ఎక్కువసేపు ఆగాం. ఖుత్బాలో పేరు కోసం ఒప్పందం రాయించుకున్నవాళ్లు, ఇక్కడ కంచు మీదే పేరు రాయించుకున్నారు.

వచ్చే ఏడాదికి చైనాలో మంచూల చింగ్ వంశాన్ని తీసుకోవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. 1645లో మగవాళ్లంతా ముందుజుట్టు గొరిగించి వెనక జడ వేసుకోవాలన్న ఆజ్ఞతో మొదలుపెడదాం. వేరే ఆలోచన ఉన్నవాళ్లు సర్వసభ్య సమావేశంలో చెప్పవచ్చు. మన గ్రంథాలయం నుంచి మొఘలుల పుస్తకాలు తీసుకెళ్లినవాళ్లు అప్పటికల్లా తిరిగిచ్చేయండి. అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇట్లు,
కార్యదర్శి