సూదివైద్యానికి సెరటోనిన్ రిపోర్టు దేనికి?

సంపాదకులు గారికి,

ఆక్యుపంక్చర్ (సూదివైద్యం), మాక్సిబషన్ (‘మాక్సా’ అనే ఎండుటాకును కాల్చి ఒంటికి వేడి తగిలించడం) చికిత్సలతో మెదడులో ‘సంతోష రసాయనాలు’ పెరిగి ఒత్తిడి మాయమవుతుందంటూ మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. చాలా ఏళ్లు ఔషధశాస్త్రం బోధించినవాడిగా, మోకాలి నొప్పికి నెల రోజులు ఆ సూదులు వేయించుకున్నవాడిగా నాలుగు మాటలు రాస్తున్నాను.

సూదికీ మెదడు రసాయనాలకూ ఉన్న సంబంధం కట్టుకథ కాదు. 1970లలో బీజింగ్‌లో హాన్ జిషెంగ్ బృందం, సూదివైద్యం చేసిన కుందేలు మెదడు ద్రవాన్ని మరో కుందేలుకు ఎక్కించగా దానికీ నొప్పి తెలియడం తగ్గింది. 1977లో అమెరికాలో మనుషుల మీద జరిపిన పరీక్షలో, నల్లమందుకు విరుగుడైన నాలోక్సోన్ ఇవ్వగానే సూదులవల్ల కలిగిన ఉపశమనం పోయింది. అంటే, శరీరం తానే తయారుచేసుకునే, నల్లమందులా నొప్పి తగ్గించే ఎండార్ఫిన్ల వంటివి అక్కడ పనిచేస్తున్నాయన్నమాట.

మాక్సా సంగతి మనవాళ్లకు మరీ కొత్తేమీ కాదు. వినాయక చవితి పత్రిలో మొదట చదివే మాచీపత్రానికి దగ్గరి బంధువైన మొక్క ఆకును ఎండబెట్టి, దూదిలా నూరి, కాగితంలో చుట్టలా చుట్టి, కొస ముట్టించి, మోకాలిచిప్పకు నాలుగు వేళ్ల కింద చర్మానికి తగలకుండా పట్టుకుంటారు. కాసేపటికి వెచ్చదనం లోపలికి దిగుతుంది, చొక్కాకు పట్టిన పొగ వాసన మాత్రం ఉతికినా ఓ పట్టాన వదలదు. మన గుంటూరు మిరపలోని ఘాటు పదార్థం కాప్సైసిన్ నాడుల్లోని ఏ గ్రాహకాన్ని (వేడిని, మంటను పసిగట్టే ప్రోటీన్‌ను) తట్టి మంట పుట్టిస్తుందో, సుమారు 43 డిగ్రీలు దాటిన వేడీ దాన్నే తడుతుంది. దాన్ని గుర్తించిన అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మాక్సా వేడి ప్రభావంలోనూ దీనికి పాత్ర ఉందని పరిశోధకులు భావిస్తున్నారు.

ఒత్తిడి దగ్గరే మీ వ్యాసం తొందరపడింది. మోకాలి కింది ఆ బిందువులోనే సూది గుచ్చి కరెంటు ఇస్తే, ఒత్తిడి హార్మోన్లు విడుదల చేసే అడ్రినల్ గ్రంథులకు మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి పంపే ఆజ్ఞల జోరు తగ్గినట్టు తేలింది, నిజమే, కానీ చలిలో ఉంచిన ఎలుకల్లో. ఆ ఎలుక ఒత్తిడి వేరు, విజయవాడ హాస్టల్ గదిలో ర్యాంకు కోసం కూర్చున్న పిల్ల ఒత్తిడి వేరు. పైగా 2007లో జర్మనీలో 1,162 మంది నడుమునొప్పి రోగుల మీద జరిపిన అధ్యయనంలో శాస్త్రోక్తమైన సూదులతో 47.6 శాతానికి, బిందువులు కాని చోట పైపైన గుచ్చిన సూదులతో 44.2 శాతానికి, మామూలు చికిత్సతో 27.4 శాతానికి మేలు కనిపించింది. మేలు ఉంది, అది ఆ బిందువుదో, రోగి నమ్మకానిదో తేల్చడం మాత్రం ఆ అంకెలతో అయ్యే పని కాదు.

నన్ను ఇబ్బంది పెట్టింది మరొకటి. నేను వెళ్లిన చోట, రక్తపరీక్ష చేయించుకుంటే మెదడులో సెరటోనిన్ (ఆ ‘సంతోష రసాయనాల్లో’ ఒకటి) పెరిగినట్టు రిపోర్టు చూపిస్తామన్నారు. ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది. రక్తంలోనిది మెదడులోకి దాటదు. ఆ రిపోర్టు మెదడు గురించి ఏం చెబుతుంది? నా పక్కన కూర్చున్న ఒకావిడతో, డిప్రెషన్‌కు వాడే మాత్రలు ఇక మానేయమని కూడా చెప్పారు. డాక్టరును అడగకుండా మానవద్దని నేనే నచ్చజెప్పి పంపాను.

ఇటువంటి వ్యాసాలు వేసినప్పుడు ఫలితం ఎలుకలదో మనుషులదో రాయండి. సూదులు వేయించుకుంటున్నా, డాక్టరు చెప్పనిదే మాత్రలు ఆపవద్దన్న వాక్యాన్ని పెద్దక్షరాల్లో వేయండి.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు