సైన్స్ టీచర్‌కి కావాల్సింది తోడు, ఒక్కరోజు హడావుడి కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఉత్తరాంధ్ర జిల్లాల్లో సైన్స్ టీచర్లకు సాయంగా వాలంటీర్ల బృందాలు రాబోతున్నాయని గత వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి సంతోషించాను. రిటైరైన లెక్చరర్లు, ఇంజినీర్లు, యూనివర్సిటీ విద్యార్థులు బడులకు వెళ్లి ‘పాఠాలు చెబుతారు’ అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆ సంతోషం సగం పోయింది. పాఠం చెప్పాల్సింది టీచరే. మాలాంటివాళ్లం ఆ టీచర్ వెనక నిలబడాలి. ఈ సంగతి ఇప్పుడే తేల్చుకోకపోతే ఇదీ ప్రారంభోత్సవంతోనే ఆగిపోతుంది.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. హైస్కూలు టీచర్లు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. ఆమధ్య ఏజెన్సీ బడిలో పనిచేసే ఒకమ్మాయి చేసింది. ఆమె చదివింది బీజడ్సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ). ఫిజికల్ సైన్స్ పోస్టు ఖాళీగా ఉండటంతో ఆ పాఠాలూ ఆమె మీదే పడ్డాయి. “సార్, టార్చి బల్బు పెట్టి ఓమ్ నియమం చేయించాను. వోల్టేజీ పెంచితే కరెంటు పెరుగుతోంది గానీ, నిష్పత్తి ఒకేలా రావడం లేదు. అమ్మీటర్ పాడైందేమో, పిల్లల ముందు పరువు పోయింది” అంది. అమ్మీటర్‌కి ఏ రోగమూ లేదు. బల్బులో ఫిలమెంట్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, అందుకే నిష్పత్తి మారుతుంది. బల్బు తీసేసి, వేడికి నిరోధం పెద్దగా మారని నిక్రోమ్ తీగ ముక్క పెట్టమని, రీడింగ్ తీసుకున్న వెంటనే స్విచ్ ఆపేయమని చెప్పాను. మర్నాడు సాయంత్రానికి గ్రాఫు ఫొటో వచ్చింది. చక్కటి సరళరేఖ. పక్కనే బల్బు రీడింగులతో వంపు తిరిగిన గీత కూడా పిల్లల చేత గీయించి, రెండింటికీ తేడా ఎందుకు వచ్చిందో వాళ్లనే అడిగిందట. ‘ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు’ అని పుస్తకంలో ఓమ్ నియమానికి ముందు ఎందుకు రాశారో ఆ క్లాసుకి ఆరోజు తెలిసింది.

ఇందులో నేను చేసింది పది నిమిషాల పని, అదీ ఫోన్లో. నేను వెళ్లి ఆ పాఠం చెప్పి ఉంటే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు, టీచర్ టెన్షన్ మాత్రం అలాగే ఉండిపోయేది.

ఇది మన దగ్గరే కొత్తగా కనిపెట్టాల్సిన పద్ధతి కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో ఇలాంటి సైన్స్ బోధన కార్యక్రమాన్ని 1972లో 16 బడులతో మొదలుపెట్టి, 1978 నాటికి జిల్లా అంతటికీ తీసుకెళ్లారు. ఢిల్లీ యూనివర్సిటీ నుంచి, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి శాస్త్రవేత్తలు సొంత ఇష్టంతో వచ్చి టీచర్లతో కూర్చుని ప్రయోగాలు చేశారు. టీచర్లు నెలనెలా కలుసుకుని ఏ ప్రయోగం ఎక్కడ ఆగిపోయిందో చెప్పుకునేవాళ్లు. పిల్లలు ‘సవాలీరామ్’ అనే కల్పిత వ్యక్తికి ప్రశ్నలు రాసి పంపితే జవాబులు వచ్చేవి. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. అంత మంచి పనిని ఒక్క ఉత్తర్వుతో ఆపేయగలిగారంటే ఈరోజుకీ బాధ కలుగుతుంది. అందుకే మన బృందాలు ఏ ఒక్క అధికారి దయ మీదా నడవకూడదని అంటున్నాను.

మనకు మనుషులు లేరా? 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930 నుంచి ఇక్కడే ఉంది. స్టీల్ ప్లాంటులో, షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన ఇంజినీర్లు విశాఖలో వీధి వీధినా ఉన్నారు. పరవాడ ఫార్మా కంపెనీల్లో కెమిస్టులున్నారు. జన విజ్ఞాన వేదిక 1988 నుంచి ఈ రాష్ట్రంలో పనిచేస్తోంది, అందులో టీచర్లే ఎక్కువ. వీళ్లను బడులతో కలిపే దారి లేదు, అంతే.

దారి వేయాల్సినవాళ్లేమో అడ్డం నిలబడుతున్నారు. ఒక బడిలో గాల్వనోమీటర్లు బాగుచేసి ఇస్తానని వెళితే పై నుంచి అనుమతి తెమ్మన్నారు. పైకి వెళితే హెడ్మాస్టర్ దగ్గర లెటర్ తెమ్మన్నారు. ఆ గాల్వనోమీటర్లు బీరువాలో ఉన్నాయి, బీరువా తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ల్యాబ్ అటెండర్ పోస్టు ఖాళీ అయి ఎంతకాలమైందో కూడా చెప్పలేకపోయారు. టీచర్‌ని అడిగితే ఫోన్ చూపించింది. మధ్యాహ్న భోజనం, హాజరు, అన్నీ యాప్‌లో ఎక్కించాకే పాఠం. ఇక ప్రయోగానికి టైమెక్కడ?

సైన్స్ ఫెయిర్ల సంగతి చెప్పకుండా ఉండలేను. ఏటా అవే థర్మాకోల్ ఇంకుడు గుంతలు, వెనిగర్ పోస్తే పొంగే అవే అగ్నిపర్వతాలు. చాలావరకు బజారులో కొన్నవి లేదా ఇంట్లో పెద్దవాళ్లు చేసినవి. ప్రైజులు వాటికే. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం అని ఫ్లెక్సీ కట్టి, ఉపన్యాసాలిచ్చి, మార్చి 1 నుంచి స్లిప్ టెస్టులకు కూర్చోబెడతారు. పిల్లవాడు పరీక్షనాళిక చేత్తో పట్టుకోకుండానే పదో తరగతి దాటిపోతున్నాడు, ఇంటర్లో ప్రాక్టికల్స్ మార్కులు కూడా వచ్చేస్తున్నాయి. దీన్ని అడిగేవాళ్లు లేకపోవడం నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది.

మరో భయం కూడా ఉంది. వాలంటీర్లు వస్తున్నారు కదా అని ఖాళీ పోస్టులు నింపడం మానేస్తారేమో. అలా జరిగితే ఇందులో మొదట తప్పుకునేవాణ్ణి నేనే.

జిల్లాకు ఒక్కసారి ఉత్తర్వు ఇచ్చి, బడిబడికీ అనుమతుల కోసం తిప్పకుండా ఉంటే చాలు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో యాప్‌ల గురించి చెప్పే టైములో సగం ప్రయోగాలకు వదిలేయమనండి. సబ్జెక్టువారీగా ఫోన్ నంబర్లు టీచర్లందరికీ పంపమనండి. ఏజెన్సీ బడులతోనే మొదలుపెట్టమనండి, సిగ్నల్ అందని చోటికి నెలకోసారైనా మనిషి వెళ్లాలి. మా ఊళ్లో కొందరం వార్త వచ్చిన రోజే పేర్లిచ్చాం, ఇంతవరకూ కబురు లేదు. ఆ పేర్లు ఎవరి టేబుల్ మీద ఉన్నాయో మీ విలేకరి కనుక్కుని రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, ఉత్తరాంధ్ర