బారువ తీరంలో దీపాల గురించి పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కరించి వ్రాయునది.

శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలోని బారువ తీరాన్ని పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దాలన్న మాట తరచూ వినబడుతోంది. అది జరగాలనే మా కోరిక కూడా. అయితే తీరం అభివృద్ధి అనగానే ముందుగా వెలిసేవి ఎత్తైన స్తంభాల మీది హైమాస్ట్ దీపాలే కనుక, పని మొదలుకాక మునుపే ఈ ఒక్క విషయం తమ దృష్టికి తెస్తున్నాను.

చలికాలం చివరి నుంచి వేసవి ఆరంభం దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఈ ఇసుకలోకి వచ్చి, ఒక్కొక్కటి సుమారు నూరు గుడ్లు పెట్టి వెళ్తాయి. ఏడెనిమిది వారాలకు ఇసుకలోంచి పైకి వచ్చే పిల్లలు నీటిమీది వెలుతురును బట్టే సముద్రం ఎటుందో పోల్చుకుంటాయి. ఒడ్డున అంతకు మించిన దీపముంటే రోడ్డువైపు పాకి కుక్కల పాలవుతాయి, లేదా తెల్లవారాక ఎండకు మాడిపోతాయి. తల్లి తాబేలు సైతం ఆ వెలుతురుకు బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనుదిరగవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చి ఒక శాఖ కాపాడుతున్న ప్రాణిని మరో శాఖ దీపం బలిగొంటే ఎవరిని అడగాలి?

రాత్రి వెలుగులు లేకుంటే జనం రారన్న భయం అక్కర్లేదు, ఎందుకంటే ఇక్కడ చూడవలసినదంతా పగటిదే. మహేంద్రగిరుల్లో పుట్టిన మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు, కోటిలింగేశ్వరుని గుడి, లైట్‌హౌస్ ఒక పూటకు సరిపోతాయి. ఊరు దాటితే ఉద్దానం కొబ్బరి, జీడి, పనస తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చేసిన తోటలను మళ్లీ ఎలా నిలబెట్టుకున్నారో ఆ రైతుల నోటే వినాలి. వాళ్ల అరుగు మీద కూర్చుని కొబ్బరి బొండం తాగిన సందర్శకుడి రూపాయి నేరుగా ఆ ఇంటికే చేరుతుంది. రిసార్టుల గురించి ఆ మాట అనలేం. శీతాకాలంలో టెక్కలి దాకా వెళ్లగలిగితే తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్ పక్షులు) ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టి కనిపిస్తాయి. ఈ దారుల్లో కావలసినవి వేళకు నడిచే బస్సు, శుభ్రమైన మరుగుదొడ్లు, తెలుగులో దారి చూపే బోర్డులు.

కనుక తాబేళ్ల కాలంలో ఇసుక మీద పడే దీపాలు రాత్రి ఆర్పివేయాలని, తప్పనిసరైన చోట నేలవైపు వంచిన పొట్టి ఎర్రదీపాలే వాడాలని, రాత్రి ఉత్సవాలను తీరానికి దూరంగా జరపాలని, ఈ షరతులను టెండరు పత్రాల్లోనే చేర్చి, అటవీ శాఖ అభిప్రాయం తీసుకున్నాకే స్తంభాలకు చోటు నిర్ణయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఉద్దానం వాసి ఒకరు