ఫిర్యాదు చేసినవారిని కిందికి పిలవకండి: పోలీసు కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన బెంగళూరు నగర పోలీసు కమిషనర్ గారికి,

నమస్కారం. నగరానికి తూర్పున, రింగ్ రోడ్డు అవతల ఒక లేఅవుట్‌లో మా ఇల్లు. మా వీధిలో సగం మంది చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లమే. రాత్రి తొమ్మిది దాటాక మా పార్కు గోడ దగ్గర జరిగే తంతు మీకు కొత్తేమీ కాదు. 90 మిల్లీలీటర్ల విస్కీ టెట్రా ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, సైలెన్సరు మార్చిన బైకులు, దారిన పోయేవారిపై కామెంట్లు. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు ఆ వీధి మానేసి చుట్టు తిరిగి వస్తున్నారు. తెల్లవారాక ఆ ప్యాకెట్లను చేత్తో ఏరేది వీధులు ఊడ్చే పౌరకార్మికురాలు.

అత్యవసర నంబరు 112కు ఫోను చేస్తే పోలీసు బండి రాదని నేను అనను. చాలాసార్లు త్వరగానే వస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. బండి ఆగగానే ఫిర్యాదు చేసిన మనిషి ఫోను మోగుతుంది: "కిందికి వచ్చి వాళ్లెవరో చూపించండి." పదిమంది చూస్తుండగా వేలెత్తి చూపించాలా? మా పక్కింటి పెద్దాయన ఒకసారి పాపం చెప్పులేసుకుని దిగి వెళ్లారు. మర్నాటికి ఆయన స్కూటరు సీటు నిలువునా చీరి ఉంది, రెండు టైర్లలోనూ గాలి లేదు. ఆ తర్వాత మా వీధిలో ఎవరూ ఫోను ముట్టుకోలేదు. మీ లెక్కల్లో మాత్రం మా పేట ప్రశాంతంగానే ఉండి ఉంటుంది.

బహిరంగంగా తాగడం నేరమే. దాన్ని కళ్లారా చూసే పోలీసుకు మా సాక్ష్యం ఎందుకు? 2025లో 'మనె మనెగె పోలీస్' అంటూ ఇంటింటికీ పోలీసు పథకం మొదలైంది. అయ్యా, ఇంటి దాకా వద్దు, పార్కు గోడ దాకా వస్తే చాలు. రాత్రి తొమ్మిదిన్నర, పదకొండు మధ్య, సైరన్ లేకుండా, బీటు కానిస్టేబుల్ నడిచి రావాలి. మూల మీది మద్యం దుకాణానిది సీఎల్-2 లైసెన్సు. అక్కడ అమ్మాలే తప్ప తాగనివ్వకూడదు. అది ఎక్సైజ్ వారి పని అంటే, వారికి ఒక ఉత్తరం రాయడం మీకు కష్టమా?

ఇంకొక మాట. మా అసోసియేషన్ సమావేశాల్లో నిందంతా షెడ్లలో ఉండే వలస కూలీల మీదే పడుతుంది. ఆ బైకుల మీద ఊరేగేది మా అపార్ట్‌మెంట్ల పిల్లలే, అందులో మీసాలు రానివాళ్లు కూడా ఉన్నారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ చెబుతోంది. ముందు అది అమలు చేయండి. స్పెషల్ డ్రైవ్ పేరుతో కూలీలను వ్యాను ఎక్కించకండి.

ఫిర్యాదు చేసినవారికి ఘటనాస్థలం నుంచి ఫోను చేయకూడదని, వారి నంబరు గస్తీ సిబ్బందికి ఇవ్వకూడదని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. మేం మళ్లీ ఫోను చేయడం మొదలుపెడతాం.

ఇట్లు,
ఒక నగరవాసి
(పేరు ఎందుకు రాయలేదో మీకు తెలుసు)