రాసేవాడికి సాధకం అక్కర్లేదేటి బావా?

ఒరేయ్ బావా,

ఎలాగున్నావ్? నీ మెసేజ్ మొన్న రాత్రి చూశాను, ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పీసే విషయం కాదనిపించి ఇలా కూర్చుని టైప్ చేస్తన్నాను, కాస్త పెద్దదే అవుద్ది, తీరిగ్గా చదువుకో. ఇక్కడ విజయనగరంలో వానలు పడుతున్నాయి, ఇంట్లో అందరూ బాగున్నారు, పాప నిన్ను అడుగుతోంది. అది సరే. "మూడ్ రావట్లేదురా, ఇన్ని నెలల్లో ఒక్క పాటా పూర్తవలేదు, నాలో సరుకు అయిపోయినట్టుంది" అన్నావు చూడు, ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు. సరుకు ఎక్కడికీ పోలేదు. నీకు సాధకం తప్పింది, అంతే.

నిన్న సాయంత్రం కోట వైపు పనుండి మ్యూజిక్ కాలేజీ ముందు నుంచి వచ్చాను. లోపల పిల్లలు సరళీ స్వరాలు పాడుతున్నారు, గేటు దగ్గర కాసేపు నిలబడిపోయాను. 1919లో పెట్టిన కాలేజీ అది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పింది అక్కడే, ఘంటసాల గారు మధూకరం, అంటే ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుని తింటూ నేర్చుకున్నది కూడా అక్కడే. వందేళ్ళు దాటినా మొదటి పాఠం మారలేదు, అవే స్వరాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడాల్సిందే, ఇవాళ మూడ్ ఉందా లేదా అని ఏ మాస్టారూ ఏ పిల్లాడినీ అడగరు. పాడేవాడికి సాధకం ఉంది, మృదంగం వాయించేవాడికి ఉంది, మరి పాట రాసేవాడికి మాత్రం ఆకాశం నుంచి ఊడిపడాలా? మనం కాగితం ముందు కూర్చుని కలం కదలకపోతే మన పని అయిపోయిందనుకుంటాం. అసలు పాట రాయడంలో కలం వాటా తక్కువ బావా, చెవిది సగం, నోటిది సగం. సాధకం వాటికి చేయించాలి.

చెవి గురించి చెప్తాను. మొన్నామధ్య శ్రీకాకుళం బస్సులో నా వెనక సీట్లో ఒక ముసలావిడ ఫోన్లో కొడుకుతో మాట్లాడుతోంది. "ఎప్పుడొస్తే అప్పుడే రా నాయనా, వస్తానని మాత్రం ముందు సెప్పకు, గుమ్మం కాడే కూకుండిపోతాను" అంది. నాకు ఒళ్ళు జలదరించింది. వెంటనే ఆ మాట ఉన్నదున్నట్టు ఫోన్లో రాసీసుకున్నాను, "సెప్పకు"ని "చెప్పకు" అని కూడా మార్చలేదు, ఎందుకంటే ఆ విరుపులోనే లయ ఉంది. మన వైపు జనం మామూలుగా మాట్లాడుకునే మాటల్లోనే అంత పాట ఉంటే మనం ఇంట్లో కూర్చుని వెన్నెల, కన్నీరు, జ్ఞాపకాల జల్లు అని తిప్పి తిప్పి రాస్తున్నాం. రోజూ ఒక్క మాట పట్టుకో చాలు. రైతుబజార్లో గానీ, మీ ఆఫీసు లిఫ్టులో గానీ, హైదరాబాద్‌లో ఉన్నంత మాత్రాన జనం మాట్లాడ్డం మానెయ్యరు కదా. ట్యూన్ ముక్క ఏదైనా తోస్తే రికార్డర్ ఆన్ చేసి హమ్ చేసీ, ఫైలుకి పేరు పెట్టడం మర్చిపోకు, పేరు లేనివి పోగుపడితే మళ్ళీ ఎవడూ వినడు.

ఇంకోటి, నీ మాటలు నువ్వే వినట్లేదు. మొన్న ఫోన్లో చిన్నప్పటి సంగతి చెప్పావు కదా, మావయ్య చెన్నైలో బిల్డింగ్ పనులకెళ్ళి సంక్రాంతికి తప్ప వచ్చీవాడు కాదనీ, అయినా అత్త రోజూ రాత్రి మీ కంచాలతో పాటు ఆయన కంచం కూడా కడిగి బోర్లించేదనీ. అది చెప్పి మామూలుగా వేరే టాపిక్‌లోకి ఎళ్ళిపోయావు. మళ్ళీ అదే నాన్న పాటకి నువ్వు పంపిన పల్లవి "నువ్వు లేని ఇల్లు శూన్యం"! బావా, ఆ శూన్యం ఎవరింట్లోనైనా ఉంటుంది, ఆ కంచం మీ ఇంట్లోనే ఉంది. నేనైతే ఇలా మొదలెడతాను:

నాన్న కంచం కడుగుతాదీ
అమ్మ, రాడని తెలిసి కూడా

దీన్ని చేత్తో తాళం వేస్తూ అను. తకిట తకధిమి, తకిట తకధిమి. నాన్న మూడు, కంచం నాలుగు, కడుగు మూడు, తాదీ నాలుగు, పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగు దానికి రెండు లెక్కన మొత్తం 14 మాత్రలు, రెండో లైను కూడా అంతే. ఇలా ఏడేసి మాత్రలతో నడిచేది మిశ్రగతి, మన ఊళ్ళో ఉండి గురజాడ వారు 1910లో ముత్యాల సరం అనే ఛందస్సు కట్టింది ఈ నడకలోనే. "కడుగుతుంది" అని దిద్దకు, మీ ఇంట్లో కడుగుతాది అనే అంటారు, పాటలో కూడా అలగే ఉండనీ. ఒక వారమంతా ఈ గతిలోనే రాయి, ఏదైనా సరే, కూరగాయల లిస్టు కూడా. పై వారం ఖండగతి, తకతకిట, అయిదు. గతి ఒంటికి పట్టేసిందంటే మ్యూజిక్ డైరెక్టర్ మాటల్లేకుండా ఉత్త తత్తకారంలో ట్యూన్ పంపినప్పుడు వేళ్ళు లెక్కపెట్టక్కర్లేదు, మాట దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు నోరు. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, అందుకే కాస్త సాగదీస్తాను. నీ పల్లవి పైస్థాయిలో "శూన్యం" దగ్గర ఆగుతోంది, పాడి చూడు, చివర సున్నా వచ్చేసరికి పెదాలు మూసుకుంటాయి, గొంతు పూర్తిగా తెరవాల్సిన చోట నోరు మూసుకుపోతే పాడేవాడు ఏం చేస్తాడు పాపం. అదే "కూడా" అనుకో, ఆ-కారం, ఎంతసేపైనా నిలబెట్టొచ్చు, స్వరాన్ని ఊపి గమకం వేసుకోవచ్చు, ఏడుపు కూడా అందులోంచే వస్తుంది. అందుకే "తాదీ" దగ్గర కింద స్వరంలోనే ఉండు, ఈ-కారం మీద పైకెళ్తే గొంతు నొక్కినట్టు ఉంటుంది, "కూడా" దగ్గర పైకెళ్ళు. ట్యూన్‌లో పొడుగు స్వరం ఉన్నచోట పొట్టి అక్షరం పెట్టినా ఇబ్బందే, "కల" అని రాస్తే "కాల" అని వినిపిస్తుంది, కాగితం మీద ఇవేవీ కనపడవు. కాబట్టి రాసిన ప్రతి లైనూ పైకి పాడు, నడుస్తూ పాడు, గిన్నెలు తోముతూ పాడు. ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారో అని లోపల లోపల గొణుక్కుంటే పని జరగదు.

టైమ్ విషయం పెద్దగా చెప్పేదేం లేదు, పొద్దున్న లేచి ఫోన్లో రీల్స్ చూడకముందు అరగంట, అంతే. ఇతరుల పాటలు బుర్రలోకి ఎక్కకముందే నీది రావాలి. ఆ అరగంటలో కొట్టివేతలు ఉండకూడదు, బాగున్నా బాగోపోయినా రాసుకుంటూ పో, దిద్దడం మర్నాటి సాయంత్రం. రాసేవాడూ దిద్దేవాడూ ఒకేసారి కూర్చుంటే రెండోవాడే గెలుస్తాడు, నీ విషయంలో జరుగుతున్నది ఇదే అని నా అనుమానం, సగం లైను రాస్తావు, కొట్టేస్తావు, ఇంక మూడ్ లేదంటావు.

పూర్తయ్యాక మన ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టొద్దు, వాళ్ళు "సూపర్ బ్రో" అంటారు, దానివల్ల నీకొరిగేది లేదు. పాటలతో సంబంధం లేని మనిషికి రెండుసార్లు పాడి వినిపించు, తర్వాత మాట మార్చీ. ఆ మనిషి పని చేసుకుంటూ ఏ ముక్క కూనిరాగం తీస్తే అదే నీ పల్లవి, నువ్వు చరణంలో పెట్టుకున్నా సరే దాన్ని పైకి తీసుకురా. జముకు వాయిస్తూ చెప్పీ జముకుల కథలో చూడు, కథ చెప్పీవాడు ఎంత దూరమెళ్ళినా వంత పాడీవాళ్ళు మళ్ళీ అదే మాట అందుకుంటారు, తెల్లారి ఊరంతా ఆ వంతే పాడుకుంటుంది.

ఈ ఆదివారం అత్తకి ఫోన్ చెయ్యి. ఆ కంచం స్టీలుదా, ఇత్తడిదా, అంచు మీద పేరేమైనా కొట్టించారా, మావయ్య వచ్చిన రోజు అందులో మొదట ఏం వడ్డించేదో అడుగు, నువ్వేం కలపకుండా ఆవిడ మాటల్లోనే రికార్డ్ చేసి పంపు. మొదటి చరణం దాంట్లోంచి నువ్వు రాయి, రెండోది నేను ట్రై చేస్తాను, పైడితల్లమ్మ పండక్కి వస్తావు కదా, అప్పటికి ట్యూన్ కట్టీవొచ్చు. శ్రుతి మాత్రం నీ గొంతుకి తగ్గట్టు ఒక మెట్టు దించుకో.

నీ
బావ