కాజీపేటలో ఉమ్మడి పరీక్షా కేంద్రం కోసం: రైల్వే ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రైల్వే ఉన్నతాధికారి గారికి నమస్కారాలు.

మూడు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

వరంగల్‌లో నాది చిన్న లేత్ వర్క్‌షాపు. రైలు పెట్టె తలుపు కోసం మేం చేసిన రోలర్ ఏడాదిగా పాత పేపర్లో చుట్టి అల్మారాలోనే ఉంది. తుప్పు పట్టకుండా నెలకోసారి నూనె రాస్తున్నాను, అంతే. రైలు కుదుపులను అది తట్టుకుంటుందో లేదో పరీక్షించే యంత్రం మాకు అందుబాటులో లేదు. పరీక్ష లేనిదే ఆమోదం లేదు. ఆ నియమాన్ని తప్పుపట్టను, ప్రాణాలతో పని కదా. కానీ దాన్ని తయారుచేసిన కుర్రాడు చూసి చూసి హైదరాబాద్‌లోని బాలానగర్ వెళ్లిపోయాడు. ఇక్కడ వాళ్లమ్మ ఒక్కతే ఉంటోంది.

కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులై 8న శంకుస్థాపన జరిగింది. దగ్గర్లోనే 1959 నుంచి ఇంజినీర్లను తీర్చిదిద్దుతున్న ఎన్ఐటీ ఉంది. 2022లో రైల్వే ప్రకటించిన ఆవిష్కరణల విధానం సగం ఖర్చు భరిస్తూ 1.5 కోట్ల రూపాయల వరకు గ్రాంటు ఇస్తామంటోంది. మిగతా సగం మాలాంటివాళ్లు ఎక్కణ్ణుంచి తేవాలండీ?

యూనిట్, ఎన్ఐటీ, చిన్న వర్క్‌షాపులు కలిసి వాడుకునే పరీక్షా కేంద్రాన్ని కాజీపేటలో ఏర్పాటు చేయాలని, దీనిపై 30 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను. సమావేశానికి పిలిస్తే ఆ రోలర్ పట్టుకునే వస్తాను.

ఇట్లు,
ఒక వర్క్‌షాపు యజమాని, వరంగల్