ఆ పదకొండు పేర్లూ ఉండవలసినవే

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ధారావాహికగా వస్తున్న, హోమర్ గ్రీకు కావ్యం ‘ఒడిస్సీ’ తెలుగు కథనాన్ని మొదటినుంచీ చదువుతున్నాను. గత వారం, ఓడలు నడపడంలో ఆరితేరిన ఫయేషియన్లనే జనం ఆటల పోటీలను ‘ఎందరో యువకులు లేచి నిలిచారు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మూలంలో, ఎనిమిదో సర్గలో, అక్కడ మూడు పాదాల్లో పదకొండు పేర్లు వరుసగా వస్తాయి. కథ నడకకు అడ్డమని వదిలేసి ఉండవచ్చు గానీ అవి పాదపూరణకు పెట్టిన పేర్లు కావు. నౌతెయుస్ అంటే నావికుడు, ఎరెత్మెయుస్ తెడ్డువాడు, అనబేసినేయోస్ ఓడ ఎక్కేవాడు. ప్రోరెయుస్ పేరులో పడవ అణియం (ముందు కొస), ప్రుమ్నెయుస్ పేరులో అమరం (వెనుక కొస) ఉన్నాయి. ఆ వెంటనే వచ్చే అంఫియలోస్ తండ్రి పేరుకు ‘చాలా ఓడలున్నవాడు’ అనీ, తాత పేరుకు ‘వడ్రంగి’ అనీ అర్థం. హాజరుపట్టీ చదివినట్టే చదువుతూ కవి ఒక రేవునంతా కళ్లముందు పెట్టాడు. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని కనుక, అణియం నుంచి అమరం దాకా ఆ పడవ నాకు కనబడింది.

అదే కవి ట్రాయ్ యుద్ధకావ్యం ‘ఇలియడ్’ ఐదో సర్గలో గ్రీకు వీరుడు మెరియొనెస్ చేతిలో చచ్చే ఫెరెక్లోస్ సంగతీ ఇంతే. ట్రాయ్ రాకుమారుడు పారిస్‌కు ఓడలు కట్టిపెట్టినవాడు ఇతడే. తండ్రి తెక్తోన్, అంటే వడ్రంగి, తాత హర్మోన్, అంటే అతుకులు కూర్చేవాడు. (వడ్రంగిని చెప్పే సంస్కృత ‘తక్ష’ శబ్దమూ ఈ ‘తెక్తోన్’ కూడా ఒకే మూలంలోంచి వచ్చినవే.) ప్రతి పేరుకూ అర్థం పీకాలని నేననను, అలా మొదలుపెడితే చాదస్తమవుతుంది, కవే వేలు పెట్టి చూపిన చోట మాత్రం దాటిపోకూడదు.

అలాంటి చోటు పద్దెనిమిదో సర్గలో ఉంది, మీ కథనం ఇంకా అక్కడికి రాలేదు. కథానాయకుడు ఒడిస్యూస్ సొంత ద్వీపం ఇథాకాలోని ముష్టివాడికి తల్లి పెట్టిన పేరు అర్నయోస్. అందరికీ కబుర్లు మోస్తాడని, దేవతల వార్తాహరి ఈరిస్ పేరు మీద, కుర్రాళ్లు అతణ్ణి ఈరోస్ అన్నారు. మారువేషంలో ఉన్న ఒడిస్యూస్ అతడితో ముష్టియుద్ధానికి గుడ్డ ఎగగట్టి తొడలు చూపగానే, చూస్తున్నవాళ్లు ‘ఈరోస్ కాస్తా అయీరోస్ అవుతాడు’ అనుకుంటారు. మన ‘న్యాయం, అన్యాయం’లో ఉన్న నిషేధార్థక ‘అ’కారమే అది, తెలుగు పాఠకుడికి వివరణ అక్కర్లేకుండా అందే చమత్కారం. ఆ భాగం అచ్చుకు వెళ్లేముందు ఆ రెండు పేర్లనూ అలాగే ఉంచమని అనువాదకులకు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం